పేజీ నంబరుతో సహా

మా కాలేజీ లైబ్రరీలో ఫిజిక్సు జర్నళ్ళు ఎందుకు తెప్పిస్తామో నిజం చెబితే నా ఉద్యోగం పోదుగానీ పరువు పోతుంది. తనిఖీ కమిటీ వస్తుంది, బీరువా తెరిపించి పేర్లు చూస్తుంది, బాగుందంటుంది, భోజనానికి వెళుతుంది. వాళ్ళ కారు గేటు దాటగానే బీరువాకి తాళం పడుతుంది. కొన్నిటికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పం. తిరువూరులో డిగ్రీ పిల్లలకి ఫిజిక్సు చెబుతూ తల నెరిసింది నాకు. ఇన్నేళ్ళలో ఆ బీరువా తాళంచెవి కావాలని అడిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు గ్లోరి, మా దగ్గర చదువుకునే రోజుల్లో. రెండోవారు వాళ్ళ నాన్న, పోయిన వానాకాలంలో.

"రెహానా, మీ జర్నళ్ళలో మరీ బరువైనవి కాకుండా, మరీ చిన్నపిల్లల వ్యవహారంలా కాకుండా, మధ్యరకంవి ఏమైనా ఉన్నాయా అమ్మా?" అని స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి అడిగారు సుందరరావు మాస్టారు. చేతిలో గొడుగు కారుతోంది.

నేను లేచి నిలబడ్డాను. హైస్కూల్లో నాకు ఫిజికల్ సైన్సు చెప్పినాయన ఆయన. రిటైరయి చాలాకాలమైంది. అయినా సరే, ఆయన్ని చూస్తే నాకిప్పటికీ చేతులు కట్టుకోబుద్ధవుతుంది.

"ఎవరికి మాస్టారూ?" అనేసి నాలిక కరుచుకున్నాను. ఎవరికో ఊరందరికీ తెలుసు.

గ్లోరి ఆయనకి ఒక్కతే కూతురు. నా దగ్గర డిగ్రీ చదివింది, ఎమ్మెస్సీ బయట చేసింది, బెంగుళూరులో ఒక సంస్థలో పరిశోధనకి చేరింది. కంటికి ఆనని పల్చటి లోహపు పొరల్లో అయస్కాంతం ఎలా ప్రవర్తిస్తుందన్నది దాని పని. ఒక పేపరు జర్నల్లో అచ్చయింది కూడా. మాస్టారు దాన్ని జిరాక్సు తీయించి చొక్కా జేబులో పెట్టుకుని, కూరగాయల కొట్టు దగ్గర కనపడ్డవాళ్ళకి కూడా చూపించేవారు. పోయిన మామిడికాయల సీజన్లో గ్లోరి సెలవులకొచ్చి, రెడ్డిగూడెంలో మేనత్తని పలకరించి స్కూటీ మీద తిరిగొస్తుంటే కాయల లోడు లారీ కొట్టింది. బెజవాడలో తలకి ఆపరేషన్ చేశారు. బతికింది. నడుస్తుంది, తింటుంది, పలకరిస్తే నవ్వుతుంది. చూడ్డానికొచ్చినవాళ్ళు బయటికెళ్ళి "పిల్ల బాగానే ఉందిగా" అనుకుంటారు. ఏం పోయిందో చేతికి పుస్తకమిస్తేగానీ తెలీదు.

"డాక్టరు ఏమన్నాడంటే, దానికి ఇష్టమైనవి కొంచెం కొంచెంగా చదివించమన్నాడు," అన్నారు మాస్టారు. "రివిజన్ లాంటిదేగా? మార్చిలో తీసుకురమ్మని వాళ్ళ గైడు ఫోన్ చేశాడు. మంచివాడు. సీటు అట్టే పెట్టారంట. ఒకసారి మాట్లాడి చూస్తాను, చేయగలిగితే మళ్ళీ చేర్చుకుంటాం అన్నాడు."

జీవితమంతా టీచరుగా చేసినవాడికి తలకి తగిలిన దెబ్బ కూడా సిలబస్ వెనకబడ్డట్టే కనపడుతుంది కాబోలు. తాళంచెవి తీసుకుని బీరువా దగ్గరికి తీసుకెళ్ళాను.

జర్నల్ ఎంచడమంటే చెప్పుల కొట్టులో సైజు చూడటమే. పైఅరలో ఉండేవి పరిశోధన పత్రాలు. వాటిని రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ దాదాపు ఒకరే. రెండో అరలో సమీక్షలుంటాయి. ఆ రంగంలో పదేళ్ళుగా ఏం జరిగిందో ఒకరు కూర్చుని కూడగట్టి చెబుతారు. ఆ కింద టీచర్ల కోసం వచ్చేవి. సమీకరణాలు తక్కువ, మాటలు ఎక్కువ. డిగ్రీ చదువు మరీ మర్చిపోనివాళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు. అట్టడుగున రంగురంగుల బొమ్మలతో అందరి కోసం వచ్చేవి. ఏది సరిపోతుందో తెలుసుకోవడానికి నాకో పద్ధతి ఉంది. మధ్యలో ఒక పేజీ తియ్యాలి, ఒక పేరా చదివించాలి, పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పించాలి. చెప్పగలిగితే అది మన పత్రిక. లేకపోతే ఒక అర కిందికి దిగాలి.

ఈ పద్ధతి నాది కాదు, మాస్టారిదే. హైస్కూల్లో గైడు చూసి బట్టీపట్టి జవాబు అప్పజెబితే ఆయన వినేవారు కాదు. "రామచిలకా, కూర్చో. పుస్తకం మాట పుస్తకానికుంది. నీ మాటల్లో చెప్పు" అనేవారు. ఆ మాట పడని పిల్లలు మా బడిలో లేరు. నేనూ పడ్డాను. అయితే ఇది సోమవారం నుంచి శనివారం దాకా. ఆదివారం ఆయన చర్చిలో సండే స్కూల్ పెద్ద. అక్కడ రూలు పూర్తిగా వేరు. వాక్యం కంఠతా రావాలి, ఒక్క పొల్లు పోకూడదు, చివర్లో అధ్యాయం, వచనం నంబరు చెప్పాలి. నంబరు చెప్పకపోతే ప్రైజు లేదు. వేసవిలో అక్కడ పిల్లలకి తరగతులు పెట్టినప్పుడు బిస్కెట్ల కోసం మేమూ వెళ్ళేవాళ్ళం కాబట్టి నాకిదంతా తెలుసు. ఒకే మనిషి రెండు రూళ్ళతో హాయిగా బతికాడు, ఇబ్బందేమీ రాలేదు. గ్లోరికి రెండు రూళ్ళూ వచ్చు. వాళ్ళింట్లో ఇప్పటికీ టీ తాగే స్టీలు గ్లాసులన్నీ అది ఆదివారాలు గెలుచుకున్నవే.

మొదటిరోజు మాస్టారు పైఅరలోదే పట్టుకెళతానన్నారు. దాని పేపరు అచ్చయిన జర్నలే. నేనూ వెంట వెళ్ళాను. గ్లోరి దాన్ని ఒళ్ళో పెట్టుకుని పేజీలు తిప్పింది. ఒక గ్రాఫు మీద వేలు పెట్టి గీత వెంట మెల్లగా పోనిచ్చింది. తర్వాత మూసేసి, "బాగుంది మేడమ్" అంది, ఎవరింటికో వెళ్ళి కాఫీ తాగినట్టు.

"మొదటిరోజుగా," అన్నారు మాస్టారు.

రెండో అరలోదీ అంతే. దసరా సెలవులయ్యాక నేను టీచర్ల పత్రిక తీసుకెళ్ళేసరికి ఆయన మొహం మాడిపోయింది. వరండాలోకి పిలిచి, "అది వీటిలో రాసిన పిల్ల రెహానా. దాని చేత ఇవి చదివిస్తావా? దాన్ని కిందికి దించమాక," అన్నారు.

నాకు కోపం ఆగదు. అదొక జబ్బు. "మాస్టారూ, కాలిని బట్టి చెప్పుండాలిగానీ చెప్పుని బట్టి కాలుండదు," అన్నాను.

మాట ఆయనకి తూటాలా తగిలిందని తెలుస్తూనే ఉంది. చివరికి పత్రిక నా చేతిలోంచి తీసుకుని, "సరే, మధ్యరకమే కదా. దీనికన్నా కిందికి మాత్రం వద్దు," అన్నారు.

ఆ సంచికలో మంచి వ్యాసమే ఉంది. నిలువుగా పట్టుకున్న రాగి గొట్టంలో అయస్కాంతాన్ని వదిలితే అది గబుక్కున పడదు, ఎవరో లోపల చేత్తో పట్టుకుని దించుతున్నట్టు నింపాదిగా జారుతుంది. రాగిని అయస్కాంతం అంటుకోదు కదా, మరి ఎందుకు? మా ల్యాబులో గ్లోరికి మొదటిసారి ఈ ప్రయోగం చూపించినప్పుడు అది భోజనానికి కూడా వెళ్ళకుండా గొట్టం పట్టుకుని కూర్చుంది. దాని చదువంతా అక్కడే మొదలైందని నేననుకుంటాను. అందుకే ఏరి మరీ ఆ సంచిక తెచ్చాను.

క్రిస్మస్ నెలలో ఒక సాయంత్రం మాస్టారు ఫోన్ చేశారు. గొంతులో పండగ. "రెహానా, వెంటనే రా. పిల్ల వచ్చేసింది!"

ఎక్కడికెళ్ళి వచ్చిందో అర్థం కావడానికి నాకు కాస్త టైం పట్టింది. పాత గ్లోరి తిరిగొచ్చిందంటున్నారని అర్థమయ్యాక చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఆటో ఎక్కాను.

వాళ్ళింట్లో అప్పుడే కుటుంబ ప్రార్థన మొదలైంది. చాప మీద ముగ్గురూ కూర్చున్నారు. గ్లోరి వాళ్ళమ్మ ప్రేమకుమారి వదిన ఒళ్ళో ఎవరిదో జాకెట్టు, చేతిలో సూది. ఆవిడ బట్టలు కుడుతుంది, చదివింది ఏడో తరగతి, చెయ్యి ఖాళీగా ఉంటే ఆవిడకి ప్రార్థన కూడా కుదరదు. పాట అయింది, వాక్యం అయింది, ప్రార్థన అయింది. ఆమేన్ తర్వాత మాస్టారు ఆ పత్రిక తీశారు. రోజూ ఇంతేనట. వాక్యం తర్వాత ఫిజిక్సు. ఆయన ఒక పేరా పైకి చదువుతారు, గ్లోరి విని, పత్రిక చూసి తనూ పైకి చదువుతుంది. ప్రేమకుమారి కాజాలు కుడుతూ ఉంటుంది.

"ఇప్పుడు చెప్పమ్మా," అన్నారు మాస్టారు, పత్రిక మూసి.

గ్లోరి కళ్ళు మూసుకుంది. ఇంగ్లీషులో మొదలుపెట్టింది. అయస్కాంతం కిందికి జారుతుంటే గొట్టం గోడల్లో కరెంటు పుడుతుందనీ, ఆ కరెంటుకి మళ్ళీ సొంత అయస్కాంతత్వం ఉంటుందనీ, అది వచ్చేదాన్ని అడ్డుకుంటుందనీ. ఎక్కడా తడబడలేదు. యా అల్లా, పిల్ల నిజంగానే వచ్చేసింది అనుకున్నాను. ఆ సంతోషం అనుకున్నంతసేపు కూడా నిలవలేదు. వాక్యం సగంలో ఉండగా, అదే స్వరంతో, ఆగకుండా పత్రిక పేరు చెప్పింది, నెల చెప్పింది, "పేజ్ థర్టీ సెవెన్" అంది, వాక్యంలో మిగతా సగం చెప్పేసి కళ్ళు తెరిచింది.

పేజీ అక్కడ తిరుగుతుంది. కొత్త పేజీ పైన అచ్చువేసి ఉన్న పేరూ నంబరూ కూడా వ్యాసంలో భాగమే అనుకుంది.

"చూశావా?" అన్నారు మాస్టారు. ఆయన కళ్ళు తడిగా మెరుస్తున్నాయి. "పేజీ నంబరుతో సహా! ఒక్క పొల్లు పోలేదు."

రామచిలకా కూర్చో అని తరాల పిల్లల్ని కూర్చోబెట్టిన మనిషి, నంబరు చెప్పినందుకు మురిసిపోతున్నాడు. ఆదివారం రూలు వారమంతా ఆక్రమించేసింది. ఆయన్ని చూస్తే కోపం రావాల్సింది, రాలేదు. ఏడుపొచ్చింది.

స్వీటు తెస్తానని ఆయన బజారుకి వెళ్ళారు. వదిన టీ పెట్టడానికి లేచింది. నేను గ్లోరి పక్కకి జరిగాను.

"అమ్మలూ, రాగిని అయస్కాంతం అంటుకోదు కదా. మరెందుకు మెల్లగా జారుతుంది?"

గ్లోరి పత్రిక అట్ట మీద గోరుతో గీసుకుంటూ కూర్చుంది. తర్వాత వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"మేడమ్, ఒక్కో మాట తెలుస్తది. అయస్కాంతం తెలుసు. రాగి తెలుసు. కరెంటు తెలుసు. మూడూ కలిస్తే... తెలీట్లేదు. పట్టుకునేలోపే మొదటిది పోతంది."

నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"నాన్నకి చెప్పొద్దు," అంది. "నేను అప్పజెబితే నాన్న అన్నం తింటన్నాడు. అంతకుముందు తినేవాడు కాదు."

"మరి మార్చిలో అక్కడ అడుగుతారుగా తల్లీ?"

ఆ ప్రశ్న దానికి అందినట్టు లేదు. అందిందేమో, పక్కన పెట్టేసిందేమో. తన బాధ తనది. "మేడమ్, ఇంకో పత్రిక ఏదన్నా చూడండి," అంది బతిమాలుతున్నట్టు. "పేరాలు చిన్నవిగా ఉండేది. ఇందులోవి పెద్దవి. నోటికి రావడానికి చాలా రోజులు పడతంది."

జర్నల్ ఎంచడంలో ఇన్నేళ్ళలో నేను ఎన్నో చూశాను. విషయం చూశాను, స్థాయి చూశాను, సమీకరణాలు ఎన్నున్నాయో చూశాను. పేరాలు చిన్నవా పెద్దవా అని చూడమని నన్నెవరూ అడగలేదు. వదిన టీ గ్లాసులు తెచ్చింది. నా గ్లాసు మీద 'గ్లోరి, మొదటి బహుమతి' అని చెక్కి ఉంది.

చెప్పాలా వద్దా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. చెబితే ఆయన ఏమైపోతాడో. చెప్పకపోతే ఆ పిల్లని బెంగుళూరు తీసుకెళ్ళి, దాన్ని గొప్పదని తలిచినవాళ్ళందరి ముందూ కుర్చీలో కూర్చోబెడతాడు. వాళ్ళు మర్యాదగానే అడుగుతారు. అది కళ్ళు మూసుకుని పేజీ నంబరు చెబుతుంది. ఆ తర్వాత ఆ గదిలో ఉండే నిశ్శబ్దం నేను తిరువూరులో ఉండే వినగలిగాను. గ్లోరికి అన్నీ పోలేదు, సిగ్గుపడటం పోలేదు. అదే నా భయం.

ఫిబ్రవరి చివర్లో వాళ్ళింటి ముందు షామియానా వేశారు. కృతజ్ఞతా కూడిక. దేవుడు బిడ్డని బాగుచేసినందుకు మాస్టారు సాక్ష్యం చెబుతారు, గ్లోరి నేర్చుకున్నది మైకులో చెబుతుంది, అందరికీ భోజనాలు. సోమవారం బెంగుళూరు ప్రయాణం. నన్నూ రెండు మాటలు మాట్లాడమన్నారు. రంజాన్ నెల, నేను ఉపవాసంలో ఉన్నాను. కాస్త ముందే వెళ్ళాను, ఆయన్ని పట్టుకోవాలని.

ఆయన కుర్చీలు సర్దుతున్నారు. తెల్లచొక్కా, ఇస్త్రీ మడతలు.

"మాస్టారూ, సోమవారం వెళ్ళొద్దు," అన్నాను.

"ఏం?"

"గ్లోరికి అది నోటికొచ్చింది. అర్థం కాలేదు. మీరు ఒక్క ప్రశ్న అడిగి చూడండి. మీ పద్ధతిలోనే. సొంత మాటల్లో చెప్పమనండి."

ఆయన చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది. "వస్తది రెహానా. ముందు నోటికొస్తది, తర్వాత బుర్రకెక్కుద్ది. నీకు పిల్లల్లేరు, నీకెట్టా తెలుసుద్ది?" అన్నారు.

అది అనాల్సిన మాట కాదు. ఆయనకీ తెలిసింది, చూపు తిప్పుకున్నారు. నిజమే, నాకు పిల్లల్లేరు, నేను పాఠం చెప్పిన పిల్లలే ఉన్నారు. పోయి ఆడవాళ్ళ వైపు కుర్చీలో కూర్చున్నాను. వెళ్ళిపోదామనుకున్నాను గానీ గ్లోరి నన్ను చూసి చెయ్యి ఊపింది.

జనం బాగానే వచ్చారు. పెనుగొలను నుంచి ఆయన పాత శిష్యులు కూడా వచ్చారు. పొద్దు వాలగానే వదిన గుర్తుపెట్టుకుని నాకు ఖర్జూరాలు, మంచినీళ్ళు తెచ్చిచ్చి వెళ్ళి పట్టా మీద కూర్చుంది. పాస్టరు కృపానందం గారు ప్రార్థన చేశారు. మాస్టారు సాక్ష్యం చెప్పారు. లారీ దగ్గర మొదలుపెట్టి పేజీ నంబరు దాకా వచ్చేసరికి సగంమంది కళ్ళు తుడుచుకుంటున్నారు. తర్వాత గ్లోరిని పిలిచారు.

కొత్త లంగాఓణీలో, ఆపరేషన్ చేసినచోట సరిగ్గా పెరగని జుట్టు మీద ఓణీ కప్పుకుని, గ్లోరి మైకు ముందు నిలబడింది. కళ్ళు మూసుకుంది. అదే పేరా. మైకులో ఆ ఇంగ్లీషు వీధి చివరిదాకా వినపడుతోంది. ముందు వరసలో ఎవరో "స్తోత్రం" అన్నారు. కరెంటు పుడుతుందన్న మాట దాకా వచ్చింది. ఆగింది.

మళ్ళీ ఆ వాక్యం మొదటినుంచి అందుకుంది. అదే మాట దగ్గర మళ్ళీ ఆగింది. కళ్ళు తెరిచింది. అంతమందిని చూసింది. దాని చెయ్యి ఓణీ కొంగుని నలిపేస్తోంది. మాస్టారు కుర్చీ అంచుకి జరిగారు. ఆయనకి ఆ పేరా రాదు. ఆయనెప్పుడూ పత్రిక చూసి చదివినవాడే.

అప్పుడు పట్టా మీదనుంచి ప్రేమకుమారి అందించింది.

"అపోజ్ ద మోషన్," అంది. సండే స్కూల్ పోటీల్లో బిడ్డకి వాక్యం మరుపుకొస్తే తల్లులందరూ కిందనుంచి అందిస్తారు, అలాగే. గ్లోరి అందుకోలేదు, తల్లినే చూస్తోంది. అందుకని ఆవిడ ఆపలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, మొహంలో కంగారుతో, బిడ్డ కళ్ళలోకే చూస్తూ, ఏడో తరగతి చదివిన ప్రేమకుమారి ఆ వాక్యం పూర్తిచేసింది, తర్వాతది చెప్పింది, దాని తర్వాతది చెప్పింది. ఒక్క మాట పోలేదు. పత్రిక పేరు, నెల, "పేజ్ థర్టీ సెవెన్", మిగిలిన సగం వాక్యం.

షామియానా అంతా చప్పట్లు. "హల్లెలూయ" అన్నారు పాస్టరు గారు. తల్లీకూతుళ్ళని చూసి ఏడవనివాళ్ళు లేరు.

మాస్టారు చప్పట్లు కొట్టలేదు. భార్యని చూశారు. కూతుర్ని చూశారు. మళ్ళీ భార్యని చూశారు. లేచి, అందరి మధ్యనుంచి నడిచి, పట్టా దగ్గరికొచ్చి వంగారు. నా కుర్చీ పక్కనే.

"ప్రేమా, దానర్థం ఏంటి?" అని అడిగారు, మెల్లగా.

"నాకేం తెలుసండీ?" అంది ఆవిడ, తప్పు చేశానేమోనన్న భయంతో. "రోజూ మీరిద్దరూ చదువుతుంటే వింటన్నాగా. నోటికొచ్చేసింది."

ఆయన అలాగే వంగి ఉండిపోయారు. నడుము పట్టేసిందేమో అని ఒకాయన చెయ్యందించాడు. ఆయన పట్టుకోలేదు. నేను ఎన్ని మాటల్లో చెప్పినా ఆయనకి ఎక్కనిది, ఆవిడ ఒక్క పేరా అప్పజెప్పి చూపించింది. తాను ఏం చేసిందో ఆవిడకి ఇప్పటికీ తెలీదు. నేను చెప్పలేదు, ఆయనా చెప్పి ఉండరు.

గ్లోరి మైకు వదిలేసి వచ్చి ఆయన పక్కన నిలబడింది. "మర్చిపోయా నాన్నా," అంది. "బెంగుళూరులో మర్చిపోను. ఇంకా బాగా నేర్చుకుంటా."

"వద్దులే అమ్మా," అన్నారు మాస్టారు. "ఇంక నేర్చుకోవద్దులే."

భోజనాలు పెట్టారు. ఆయనే వడ్డించారు, ప్రతి విస్తరి దగ్గరా ఆగి ఇంకొంచెం వేసుకోమన్నారు. నాకు పెరుగు వేస్తూ, "నిన్ను అనకూడని మాట అన్నాను," అన్నారు. ఇంకేదో అనబోయి, గిన్నెతో పక్క విస్తరికి వెళ్ళిపోయారు. సోమవారం వాళ్ళు బస్సెక్కలేదు.

ఆ వారంలోనే ఆయన కాలేజీకి వచ్చారు. సంచిలో మా జర్నళ్ళన్నీ ఉన్నాయి, ఒక్కోటీ అట్టవేసి. వాటిని బల్ల మీద పెట్టి, "ఇంకా కిందవి చూపించు," అన్నారు.

"ఎంత కిందవి మాస్టారూ?"

"దానికి అందేదాకా."

దాన్ని కిందికి దించమాకని నన్ను కసిరిన మనిషి, ఒక్కో అర ముందూ మోకాళ్ళ మీద కూర్చుని ఆయనే దిగారు. రంగుల బొమ్మలవి తీశారు, చదివారు, పెట్టేశారు. బీరువాలో అరలు అయిపోయాయి. చివరికి మా ఇంట్లో అట్టపెట్టెలో ఉన్న పిల్లల మాసపత్రికలు గుర్తొచ్చాయి. తెలుగువి, బడిపిల్లల కోసం వచ్చేవి, ఒకప్పుడు నేను వాటికి వ్యాసాలు రాసేదాన్ని. సాయంత్రం పట్టుకెళ్ళాను.

ప్రార్థన అయింది. మాస్టారు పత్రిక గ్లోరికే ఇచ్చారు. మంచుగడ్డ నీళ్ళలో ఎందుకు తేలుతుంది, అని పైన బొమ్మ వేసి ఉంది. గ్లోరి అక్షరాల కింద వేలు పెట్టి చాలాసేపు చదువుకుంది. వదిన హుక్కులు కుడుతోంది. చదవడం అయ్యాక గ్లోరి అలవాటుగా కళ్ళు మూసుకుని, గొంతు సవరించుకుంది.

"అలా కాదమ్మా," అన్నారు మాస్టారు. పత్రిక తీసుకుని తన ఒళ్ళో బోర్లించారు. "కళ్ళు తెరువు. నీ మాటల్లో చెప్పు."

గ్లోరి ఆయన్ని చూసింది. నన్ను చూసింది. సాయం దొరకలేదు. నుదురు చిట్లించి కూర్చుంది. నేను చెప్పేద్దామనుకున్నాను, నోరు నొక్కుకున్నాను. ఎంతసేపటికో మాట వచ్చింది.

"మంచుకి... మునిగితే మళ్ళీ నీళ్ళయిపోతానని భయం నాన్నా. అందుకని పైనే ఉంటది."

"ఎక్కడుంది ఆ మాట? పుస్తకంలో లేదే?"

"లేదు," అంది గ్లోరి. "నాదే."

తప్పు జవాబుకి ఆయన మార్కు వెయ్యగా నేనెన్నడూ చూడలేదు. ఆ రోజూ వెయ్యలేదు. "తప్పమ్మా," అన్నారు. కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో తుడుస్తూ, తుడుస్తూ, ఆపలేక, గోడవైపు తిరిగిపోయారు. "తప్పే," అన్నారు అటు తిరిగే. "రేపు మళ్ళీ చెబుదువుగాని."